ఆరావళి బాటల్లో గుర్రం, గుడారం, గాలివాన

గుర్రాల మీద కొన్ని రోజులపాటు కొండబాటల్లోనూ పొలం గట్ల వెంబడీ సాగుతూ, రాత్రిళ్లు ఆరుబయట గుడారాలు వేసుకుని గుర్రాలతోపాటే మజిలీ చేసే విహారాన్ని ట్రెయిల్ రైడింగ్ అంటున్నారు. పందెపు మైదానంలో పరుగుకు వేగమూ, శిక్షణశాలలో స్వారీకి నైపుణ్యమూ కొలమానాలైతే, ఈ ప్రయాణంలో సాయంత్రం మజిలీ చేరిన గుర్రం మర్నాటి ఉదయం మళ్లీ జీను వేయించుకోవడానికి సిద్ధంగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ పరీక్ష మరింత కఠినం, ఎందుకంటే ఇక్కడి ఆకాశం ఏడాదిలో ఏ నెలలోనైనా గంట వ్యవధిలో మాట మార్చగలదు.

1985 నాటి చట్టం కింద రూపుదిద్దుకున్న ఈ ప్రాంతంలో ఢిల్లీతోపాటు హర్యానాలోని గురుగ్రామ్, ఫరీదాబాద్, నూహ్, ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్, హాపుడ్, రాజస్థాన్‌లోని అల్వర్ వంటి జిల్లాలు ఎన్నో చేరి ఉన్నాయి. మెట్రో స్తంభాలూ ఎత్తైన అపార్ట్‌మెంట్లూ దాటి దక్షిణానికి వెళ్తే, గుర్రం నడవగల నేల ఇంకా చాలానే మిగిలి ఉంది. దూరాలను పటం చూసి ముందుగానే గీసుకోవచ్చు గాని, ఏ రోజున ఎంత దూరం సాగాలన్నది మాత్రం గుర్రం ఒంట్లోని నీరూ నెత్తిమీది మబ్బూ కలిసి తేల్చే విషయం. పాతకాలపు బాటసారులు ఈ సంగతిని బాగా ఎరిగినవారు. నేటి విహారులు దాన్ని మళ్లీ నేర్చుకుంటున్నారు.

రాళ్లు, ముళ్లు, చెరువులు

గుజరాత్‌లో మొదలై ఈశాన్యంగా దాదాపు 690 కిలోమీటర్లు సాగే ఆరావళి పర్వతశ్రేణి ప్రపంచంలోని అతి ప్రాచీనమైన ముడుత పర్వతాలలో ఒకటి. దాని చిట్టచివరి కొస ఢిల్లీ నగరం మధ్యకు చొచ్చుకువచ్చి రిడ్జ్ అనే పేరుతో నిలిచి ఉంది. ఈ కొండలు ఎత్తైనవి కావు గాని, వీటిలోని రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ గట్టిపడి పలుగురాయిలా మారిన శిల. అది విరిగినప్పుడు అంచులు పదునుగా తేలతాయి కాబట్టి, లాడం కొట్టిన గుర్రానికి సైతం గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి త్రికోణపు భాగం కమిలి కుంటడం ఈ బాటల్లో తరచూ జరుగుతుంది. పెద్ద మజిలీలకు వెళ్లే బృందాలు గిట్టలోని రాళ్లను పెకలించే చిన్న కొక్కెం, విడి లాడాలు, మేకులు వెంట ఉంచుకోవడమూ, ఉత్తరాదిలో నాల్‌బంద్ అని పిలిచే లాడాల పనివాడిని బయలుదేరడానికి వారం ముందే పిలిపించుకోవడమూ ఈ కారణంగానే.

రాళ్ల తరవాత ముళ్లు. తెలుగునాట సర్కారు తుమ్మ అని పిలిచే మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల చెట్టును ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో రిడ్జ్ మీద పచ్చదనం కోసం నాటగా, అది విలాయతీ కీకర్ అనే పేరుతో ఢిల్లీ అడవి మొత్తాన్నీ ఆక్రమించింది. దాని ముల్లు గుర్రం కాలి కీలు దగ్గర దిగితే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది గాని, లోపల చీము పట్టి రోజుల తరబడి ప్రయాణం ఆగిపోవచ్చు. పండిన కాయలు తియ్యగా ఉండి పశువులను ఆకర్షిస్తాయి; గుర్రం వాటిని అతిగా మేస్తే పేగుల్లో అడ్డుపడి కడుపుశూల పట్టే ప్రమాదం ఉంది. జాతీయ రహదారుల మధ్య వరసగా పెంచే గన్నేరు అంతకన్నా భయంకరమైనది, ఎందుకంటే దాని ఆకులు కొద్దిగా తిన్నా గుర్రం గుండె ఆగిపోగలదు.

ఫరీదాబాద్ జిల్లాలోని మాంగర్ బని వంటి చోట్ల మాత్రం సర్కారు తుమ్మ రాకముందు ఆరావళి ఎలా ఉండేదో నేటికీ చూడవచ్చు. గుదరియా దాస్ బాబా పేరిట చుట్టుపక్కల గుజ్జర్ గ్రామాలవారు కొమ్మ నరకకుండా కాపాడుకుంటున్న ఈ దేవర అడవిలో ధౌ చెట్లు గుబురుగా పెరిగి ఉంటాయి. ఇటువంటి పవిత్ర వనాల్లోకీ, అసోలా భట్టీ వన్యప్రాణి అభయారణ్యం వంటి రక్షిత ప్రాంతాల్లోకీ గుర్రాలను తోలుకుని వెళ్లడం తగదు కాబట్టి, బాటను వాటి వెలుపల నుంచి, ఊరివారి అనుమతితో ఎంచుకోవలసి ఉంటుంది. గురుగ్రామ్ జిల్లా సోహ్నా సమీపంలో వాననీటి నిల్వ కోసం 1947 ప్రాంతంలో కట్టిన దమ్‌దమా చెరువు, దాని చుట్టూ ఉన్న కొండబాటలు స్వారీ విహారాలకు అనువైన నేల.

పాతవారి మజిలీ లెక్క

ఢిల్లీలో చదువుకున్న తెలుగు విద్యార్థులకు బేర్ సరాయ్, కాలూ సరాయ్, కట్వారియా సరాయ్ అనే పేర్లు కోచింగ్ కేంద్రాలకూ అద్దెగదులకూ గుర్తుగా పరిచితమే. మనిషికి పడక, జంతువుకు మేత, ఇద్దరికీ బావి నీరు దొరికే ఏర్పాటును సరాయి అనేవారు. పదహారో శతాబ్దంలో షేర్షా సూర్ రహదారుల వెంట సరాయిలు కట్టించి, వార్తలు వేగంగా చేరేందుకు ఒక్కొక్క దానిలో రెండేసి గుర్రాలను సిద్ధంగా ఉంచాడని చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. మొగలుల కాలంలో ఢిల్లీ–ఆగ్రా దారిలో కోసుకొకటిగా, అంటే దాదాపు 3 కిలోమీటర్లకు ఒకటి చొప్పున నిలబెట్టిన కోస్ మినార్లు ఫరీదాబాద్, పల్వల్ ప్రాంతాల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకటి ఢిల్లీ జంతుప్రదర్శనశాల ఆవరణలో కనిపిస్తుంది.

ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే ఔరంగజేబు పరివారంతోపాటు 1664 డిసెంబరులో ఢిల్లీ నుంచి లాహోరు మీదుగా కాశ్మీరుకు బయలుదేరినప్పుడు రాసిన లేఖలు, గుడారాలతో సాగే అశ్వయాత్రకు దొరికే అతి వివరమైన సాక్ష్యాల్లో ఒకటి. చక్రవర్తికి రెండు జతల గుడారాలు ఉండేవి. ఒక దానిలో ఆయన విశ్రమిస్తుండగా రెండోది ఒక రోజు ముందుగానే తరలివెళ్లి తరవాతి మజిలీలో నిలబడి ఉండేది, దీన్నే పేష్‌ఖానా అనేవారు. పదిహేను రోజుల దారిగా లెక్కించే ఢిల్లీ–లాహోరు ప్రయాణానికి దాదాపు రెండు నెలలు పట్టింది. వేటకు అనువైన నేల కోసమూ, యమున నీరు అందుబాటులో ఉండడం కోసమూ సైన్యంలో అధికభాగం రాజమార్గాన్ని వదిలి పక్కకు మళ్లిందని ఆయన వివరించాడు. బెర్నియే సొంత సరంజామాలో రెండు మంచి గుర్రాలు, బరువులు మోయడానికి ఒక ఒంటె, వాటి కాపరులు, వంటవాడు, చిన్న గుడారం, తేలికైన వెదురు కాళ్లతో మడతపెట్టే మంచం ఉండగా, దేశాచారం ప్రకారం నీళ్లపాత్ర పట్టుకుని గుర్రం ముందు నడిచే సేవకుడూ ఒకడు ఉన్నాడు. గుడారాన్ని ముందే పంపడం, నీటిని బట్టి దారి మార్చడం అనే ఈ రెండు పద్ధతులూ నేటి బృందాల్లో రూపం మార్చుకుని అలాగే ఉన్నాయి. ఒంటెకు బదులుగా మేత, నీళ్ల ట్యాంకు మోసే జీపు ముందుగా వెళ్తుంది.

ఆధునిక యుద్ధచరిత్ర కూడా ఇదే పాఠాన్ని చెబుతుంది. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలిచిన మూడు విగ్రహాలు మొదటి ప్రపంచ యుద్ధంలో సినాయ్, పాలస్తీనా రంగాల్లో పనిచేసిన జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ అశ్వదళాలకు స్మారకాలు. తెలుగు ప్రాంతాలు భాగంగా ఉన్న నిజాం సంస్థానం పంపిన ఆ అశ్వికులు పోరాడిన ఎడారుల్లో, గుర్రపుదళం ఒక రోజులో ఎంత దూరం పోగలదనేది శత్రువు కన్నా ముందు బావుల మీద ఆధారపడి ఉండేది.

నాలుగు రకాల ఆకాశం

ఢిల్లీ చుట్టుపక్కల వాతావరణ మార్పులను బాటసారి దృష్టితో నాలుగుగా విభజించవచ్చు. మొదటిది చలికాలంలోనూ వసంతారంభంలోనూ వచ్చే వాన. మధ్యధరా ప్రాంతంలో పుట్టి పడమటి గాలులతో తూర్పుకు కదిలే అల్పపీడన వ్యవస్థలను వాతావరణ శాఖ పశ్చిమ అలజడులు అంటుంది. ఇవి హిమాలయాల్లో మంచునూ, మైదానాల్లో వాననూ, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వడగళ్లనూ కురిపించి పోతాయి. ఒక అలజడి వెళ్లిపోయాక ఉత్తరపు చలిగాలి వీస్తుంది కాబట్టి, మధ్యాహ్నం తడిసిన గుర్రానికి ఆ రాత్రి అసలు కష్టం ఎదురవుతుంది. పొడి చలిని గుర్రం సులువుగానే తట్టుకుంటుంది, ఎందుకంటే నిక్కబొడుచుకున్న వెంట్రుకల మధ్య చిక్కిన గాలి దాని ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. తడిసి అతుక్కుపోయిన వెంట్రుకల్లో ఆ గాలిపొర ఉండదు. వర్షం ఆగగానే ఒంటిని తుడిచి, ఆరిన తరవాతనే ఝూల్ అనే దళసరి గుడ్డ కప్పడం ఇందుకే.

రెండోది వేసవిలో లేచే దుమ్ముతుపాను, స్థానికుల మాటలో ఆంధీ. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో నేల కాగినప్పుడు ఎదిగిన ఉరుముల మేఘం నుంచి చల్లబడిన గాలి ఒక్కసారిగా కిందికి కూలి నలువైపులా విరజిమ్మడంతో, రాజస్థాన్, హర్యానా నేలల్లోని సన్నని మట్టి గోడలా లేస్తుంది. 2018 మే 2న రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లను తాకిన ఇటువంటి తుపానుల్లో వందమందికి పైగా మరణించారు. మరణాలు అధికంగా కూలిన గోడలు, చెట్ల వల్ల సంభవించాయి. పడమటి దిక్కు గోధుమరంగుకు తిరగగానే రౌతులు దిగిపోయి, చెట్లకూ కరెంటు తీగలకూ దూరంగా చేరి, గుర్రాలు తమకు తామే చేసేటట్లుగా వాటి వెనుక భాగం గాలికి ఎదురుగా ఉండేలా నిలబెట్టడం ఉత్తమం.

మూడోది వర్షాకాలం. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ 27 నాటికి ఢిల్లీకి చేరతాయి. 2024 జూన్ 28 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 228.1 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది, జూన్ నెలలో అంతటి వాన 1936 తరవాత అదే మొదటిసారి. రాతినేల నీటిని పీల్చుకోదు కాబట్టి, ఆరావళిలో పొడిగా ఉన్న వాగు అటువంటి వానకు నిమిషాల్లో పొంగుతుంది. నాలుగోది అక్టోబరు చివర నుంచి కమ్ముకునే పొగ. పంట కొయ్యలు కాల్చిన పొగా వాహనాల పొగా కదలని గాలిలో చిక్కుకుని పేరుకుంటాయి. గుర్రం మనిషిలా నోటితో గాలి పీల్చుకోలేదు. దాని అంగిటి నిర్మాణం వల్ల ఊపిరంతా ముక్కుతోనే. దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క దూకుకూ ఒక్కొక్క శ్వాస చొప్పున తీసే జంతువుకు పొగ నిండిన ఉదయాన పరుగు పెట్టించడం ఊపిరితిత్తులను గాయపరచడమే. ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకుంటే ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా, మళ్లీ అక్టోబరులో కొన్ని వారాలు మాత్రమే ఈ ప్రాంతంలో కొంతమేర సురక్షితమైన కాలంగా మిగులుతాయి.

గుర్రం ఒంటి మీద వాతావరణం

ఒక ప్రాంతపు వేడి గుర్రానికి ఎంత ప్రమాదమో అంచనా వేయడానికి స్వారీ శిక్షకులు ఒక సులువైన లెక్క వాడతారు. ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని, దానికి గాలిలో తేమ శాతాన్ని కలుపుతారు. మొత్తం 130 లోపు ఉంటే గుర్రం తనంతట తాను చల్లబడగలదనీ, 150 దాటితే చెమట సరిగా ఆరదనీ, 180 దాటితే పని చేయించకూడదనీ దాని భావం. జూలైలో 34 డిగ్రీల సెల్సియస్, 80 శాతం తేమ ఉన్న రోజున మొత్తం 173 దాకా వెళ్తుంది. మే నెలలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఇదే లెక్క 128 మాత్రమే చూపి భద్రంగా ఉన్నట్లు భ్రమ కల్పిస్తుంది. నిజానికి ఆ గాలి గుర్రం సహజ ఉష్ణోగ్రత అయిన 38 డిగ్రీల కన్నా వేడిగా ఉండడంతో ఒంటికి వేడిని ఇంకా చేరుస్తుంది, చెమట పుట్టిన వెంటనే ఆరిపోవడంతో రౌతుకు అది కంటికి కనబడదు. ఉక్కపోతలో చెమట ఆరక ముప్పు వస్తే, వడగాలిలో చెమట కనబడక ముప్పు వస్తుందన్నమాట.

తీవ్రంగా శ్రమించే గుర్రం వేడి వాతావరణంలో గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమటను కోల్పోగలదు. ఆ చెమటలో రక్తంలో ఉన్నంత, ఒక్కోసారి అంతకు మించిన ఉప్పు ఉంటుంది. మనిషికి నీరు తగ్గినప్పుడు రక్తంలో ఉప్పు గాఢత పెరిగి దాహం వేస్తుంది. గుర్రానికి నీరూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి, ఒళ్లు ఎండిపోతున్నా దాహం ఆలస్యంగా తెలుస్తుంది. తొట్టి ముందుకు తీసుకెళ్లినా మూతి తిప్పేసుకున్న గుర్రానికి దాహం లేదని సరిపెట్టుకోవడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. దాణాలో ఉప్పు కలిపి, పూటపూటకూ నీరు చూపడమే దానికి మందు.

మజిలీలో జీను దించిన వెంటనే సైసు, అంటే గుర్రపు సంరక్షకుడు, చేసే పరీక్ష చూడదగినది. ముందుకాలి మోచేతి వెనుక, ఎడమ వైపున అరచేయి ఆనించి గుండె చప్పుడు లెక్కిస్తాడు. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. మెడ మీది చర్మాన్ని వేళ్లతో చిటికెడు పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి, ముడత నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గినట్లు లెక్క. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి తీస్తే తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. ఆ తరవాత మూపు మీద, వెన్నుకు ఇరువైపులా చేయి రాసి, జీను ఒత్తుకుని వాచిన చోట్లు వెతుకుతాడు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిర్వహించే సుదూర స్వారీ పోటీల్లో, ఒక్క రోజున 160 కిలోమీటర్లు సాగే పందెంలో సైతం, ప్రతి దశ చివర గుండె వేగం నిర్ణీత సమయంలోగా 64కు దిగకపోతే గుర్రాన్ని తప్పిస్తారు. పందెమే అంత జాగ్రత్తగా ఉంటే, విహారానికి వెళ్లినవారికి తొందరపడే హక్కు అసలే లేదు.

బరువు సంగతీ ఇందులో భాగమే. రౌతు, జీను, సంచులు కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదనేది సాధారణ నియమం. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే మార్వాడీ గుర్రం 400 కిలోలు తూగితే, అది మోయవలసింది 80 కిలోలే. గంటకు ఆరేడు కిలోమీటర్ల నడకతో, నడుమ కొంతసేపు దుడుకు నడకతో, రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్ల దూరం ఈ కొండనేలకు చాలు.

గుడారం ఎక్కడ, పగ్గం ఎలా

మజిలీ స్థలం ఎంపికలో మొదటి నియమం వాగుగర్భాన్ని విడవడం, రెండోది ఒంటరి చెట్టును విడవడం. పిడుగు పడినప్పుడు దాని విద్యుత్తు నేలలో వ్యాపిస్తుంది. ముందు వెనుక కాళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉండే నాలుగుకాళ్ల జంతువు శరీరం గుండా ఆ విద్యుత్తు ప్రవహించే అవకాశం మనిషికంటే అధికం. మెరుపు మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే పడినట్లు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధుల్లోని పిడుగుల సమాచారాన్ని ఫోనుకు అందిస్తుంది.

గుర్రాన్ని కట్టే పద్ధతుల్లో భారతీయ అశ్వదళాలు వాడిన అగాడీ–పిఛాడీ ప్రసిద్ధమైనది: తలకు కట్టిన రెండు తాళ్లను ముందు మేకులకూ, వెనుక కాళ్లకు కట్టిన తాళ్లను వెనుక మేకుకూ బిగిస్తారు. ఇసుక కలిసిన ఆరావళి నేల వానకు నానితే మేకులు సులువుగా ఊడతాయి గనక, రెండు బలమైన చెట్ల మధ్య గుర్రం తల కన్నా ఎత్తున మోకు బిగించి, దానికి పగ్గాలు వేలాడదీసే పద్ధతి తడి వాతావరణంలో మేలు. అయితే ఉరుములు మొదలైతే అక్కడి నుంచి విప్పి బయట పట్టుకుని నిలబడక తప్పదు. మనుషుల గుడారాలు గుర్రాలకు కాస్త ఎడంగా ఉండాలి, ఎందుకంటే గాలికి టపటపలాడే గుడ్డ గుర్రానికి పొంచి ఉన్న మృగంలాగే తోస్తుంది. ఆ భయం అకారణమూ కాదు. గురుగ్రామ్, ఫరీదాబాద్ కొండల్లో చిరుతలు నేటికీ తిరుగుతున్నాయి కాబట్టి రాత్రి వంతులవారీగా కాపలా తప్పనిసరి.

మేత విషయంలో తెలుగువారికి ఉలవ గుగ్గిళ్లు గుర్తొస్తే, ఢిల్లీ వైపు శనగలు, బార్లీ, గోధుమ పొట్టు వాడతారు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది, పైగా అది వాంతి చేసుకోలేదు. దాణా ఒక్కసారిగా ఎక్కువైనా, తిండి హఠాత్తుగా మారినా లోపలే చిక్కుకుని శూలగా మారుతుంది. ఇంటి దగ్గర తినే గడ్డినే మూటలుగా తీసుకువెళ్లి, రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు విడతలవారీగా వేయడమూ, నీరు ముందు దాణా తరవాత అనే వరసను పాటించడమూ అనుభవజ్ఞుల ఆచారం.

ఆసరా, అడ్డంకి

గుర్రాల విద్యకు ఈ ప్రాంతంలో ఆసరా తక్కువేమీ కాదు. సైన్యపు రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ కేంద్రం మేరఠ్‌లోనూ, అశ్వోత్పత్తి క్షేత్రం హాపుడ్ జిల్లా బాబూగఢ్‌లోనూ ఉండగా, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పొరుగునే ఉన్న హిసార్‌లో పనిచేస్తోంది. ఆసియా క్రీడల్లో అశ్వక్రీడలు తొలిసారి చేరింది కూడా 1982లో ఢిల్లీలోనే. బీడునేలపై అడ్డంకులు దాటే పరీక్ష కలిసిన ఈవెంటింగ్ అంశంలో రఘుబీర్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం గెలవగా, భారత జట్టుకు మరో స్వర్ణం దక్కింది. ఇటీవలి సంవత్సరాల్లో ఉత్తరాది రాష్ట్రాల్లో కనిపించిన గ్లాండర్స్ మాత్రం గట్టి అడ్డంకి. ముక్కు నుంచి చీము కారడం, చర్మం మీద పుండ్లు దీని లక్షణాలు; బాక్టీరియా వల్ల కలిగే ఈ వ్యాధి మనుషులకూ సోకగలదు కాబట్టి, 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద వ్యాధి బయటపడిన చోట గుర్రాల రాకపోకలను నిలిపివేస్తారు. అందుకే ఊరూరి తొట్టిలో నీరు తాగించకుండా, సొంత బకెట్లు వాడాలని పశువైద్యులు చెబుతారు.

ఈ బాటలకు నిజంగా కొరవడింది నీటి వరస. 2023 మార్చి 25న హర్యానాలోని టిక్లీ గ్రామంలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆరావళి హరిత గోడ పథకంలో, చెట్లు నాటడంతోపాటు జోహడ్‌లనే పాత చెరువులను పూడిక తీసి బాగుచేయడమూ ఉంది. బాగుపడే చెరువుల్లో కొన్నింటి దగ్గరైనా, గుర్రం ఒక పగలు నడవగల ఎడంలో, ఒక నీళ్ల తొట్టీ, పిడుగుకు తట్టుకునే కప్పూ, కట్టడానికి చదునైన నేలా ఏర్పాటు చేస్తే, సరాయిలు చేసిన పనే తక్కువ ఖర్చుతో తిరిగి మొదలవుతుంది; వాన వచ్చినా ఆంధీ లేచినా బాటసారి ఆగగలిగే చోటు ముందుగా తెలిసి ఉన్నప్పుడే ఈ విహారం సాహసం స్థాయి నుంచి సామాన్యులు ధైర్యంగా చేపట్టగల ప్రయాణం స్థాయికి చేరుతుంది. అంతవరకు, నాలుగు రోజుల బాటకు ఐదు రోజుల సెలవు పెట్టుకుని, ఆ అదనపు రోజును ఆకాశానికి వదిలిపెట్టేవారే క్షేమంగా ఇల్లు చేరతారు.